ముప్పై ఒకటో ర్యాంకుకు జిమ్మేదార్

ఆడెపు వారింట్లో ఫోను టింగుమంటే ఇద్దరు లేచేవాళ్లు. సింధూజ లేవడం అందరికీ కనిపించేది. స్వరాజ్యం లేస్తే మాత్రం పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమో అనుకునేవాళ్లు. తల్లులకు ఆ సౌకర్యం ఉంది. ఎందుకు లేచినా వంటింటి పనికే అనుకుంటారు.

సూరత్‌లో పర్వత్ పాటియా దగ్గర రెండు గదుల ఇల్లు వాళ్లది. సింధూజ ఆ ఏడే ఎకనామిక్స్‌తో బి.ఏ. ముగించి, ఎం.ఏ.కు రెండుచోట్ల దరఖాస్తు పెట్టింది. ఒకటి సూరత్, ఇంకొకటి బరోడా. ఆమె తల్లి స్వరాజ్యం ఒక్కచోటే పెట్టింది, సూరత్‌లో. ఆ సంగతి సింధూజకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

సింధూజకైనా చెబితే తెలిసింది కాదు. ప్రవేశ పరీక్ష రోజు ఆడపిల్లను ఒక్కదాన్ని ఎలా పంపుతామంటూ స్వరాజ్యం తోడు బయలుదేరింది. గేటు దాకా అనుకుంది సింధూజ. తల్లి గేటు దాటింది, మెట్లెక్కింది, హాల్లోకి వచ్చింది. గుజరాత్‌లో ఏ జాబితా అయినా ఇంటిపేరుతో మొదలవుతుంది కాబట్టి ఆడెపు సింధూజ వెనక బెంచీలోనే ఆడెపు స్వరాజ్యం కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది. సంచిలోంచి పెన్ను తీసి కూతురి వీపు మీద తట్టి అందించింది.

"నీది ఇంట్లనే మర్చిపోయినవు," అంది.

మొదటి ప్రశ్న అర్థం కావడానికి సింధూజకు పది నిమిషాలు పట్టింది.

ఇరవై మూడేళ్ల కింద సిరిసిల్లలో స్వరాజ్యం కూడా అదే బి.ఏ. చదివింది. ఎం.ఏ. ఫారం తెచ్చుకున్న నెలలోనే పెళ్లి కుదిరింది. ఆ ఫారం సామాన్లతో పాటు సూరత్ వచ్చి, అల్మారా అరలో పరిచిన కాగితమై, చివరికి ఎలుకల పాలైంది. దాని గురించి ఆమె ఎవరి దగ్గరా అనలేదు. కష్టమైతే గల్లీలో వినేవాళ్లుంటారు, కోరికకు ఎవరుంటారు? చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని ఇంటికి తెచ్చుకుని చేసేది. ఈ ఆరు నెలలుగా ఆ చీరల కుప్ప కింద కూతురి పుస్తకాలు ఉండేవి. అత్త లింగవ్వ టీవీ మీంచి చూపు తిప్పితే పుస్తకం మీదికి చీర జరిగేది.

సోమవారం ఫలితాలు వచ్చాయి. బరోడా సింధూజకు సీటిచ్చింది. సూరత్ ఇద్దరికీ ఇచ్చింది. సింధూజకు ముప్పై ఒకటో ర్యాంకు, స్వరాజ్యానికి పద్నాలుగు. శుక్రవారం సాయంత్రం ఐదులోగా ఒప్పుకున్నట్టు బటన్ నొక్కాలి. లేకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో వాళ్లది.

"సచ్చినా నీ క్లాసుల కూసోను," అంది సింధూజ, వంటింట్లో గొంతు తగ్గించి. "నాకంటే నీకే ఎక్కువ ర్యాంకు. సారు అందరి ముందర చదువుతడు. నాకు బరోడానే కావాలె."

"నన్ను కూసోనిస్తే సాలు," అంది స్వరాజ్యం. "నువ్వు ఏడ కూసుంటే నాకేంది."

ఇద్దరి కోరికలకూ అడ్డం ఒక్కడే. ఆయన సాయంత్రం ఏడింటికి షిఫ్టు దిగి వస్తాడు.

సింధూజ తండ్రి ఉమాకాంత్ చెడ్డవాడు కాదు. నలభై ఎనిమిది మగ్గాల షెడ్డుకు మాస్టర్. లోకంలో ఏ విషయమైనా షెడ్డులోంచి తీసుకెళ్లి చూపిస్తే ఆయనకు బాగా అర్థమయ్యేది. ఆ షెడ్డులో కొత్తవాణ్ణి ఊరికే పనిలో పెట్టుకోరు. ఊరివాడో చుట్టమో ఒకడు ముందుకొచ్చి వీడికి నేను జిమ్మేదార్ అనాలి. కొత్తవాడు తప్పు చేస్తే మాట ఆ జిమ్మేదార్‌కే వస్తుంది. చెప్పకుండా పారిపోతే, ఇంకొకడు దొరికేదాకా వాడి మగ్గాలు కూడా ఆ జిమ్మేదారే నడపాలి. పోయిన ఏడు మొండయ్య తెచ్చిన కుర్రాడు హోలీకి వెళ్లి తిరిగి రాలేదు. పాపం మొండయ్య పంతొమ్మిది రోజులు రెట్టింపు మగ్గాల మధ్య పరుగెత్తి, నాలుగు కిలోలు తగ్గాడు.

కూతురికి రెండు సీట్లు వచ్చాయని విని ఉమాకాంత్ గల్లీ అంతా పేడాలు పంచాడు. భోజనానికి కూర్చున్నాక అసలు ప్రశ్న వేశాడు.

"బరోడాల నీకు జిమ్మేదార్ ఎవలు?"

హాస్టల్ ఉందనీ, వార్డెన్ మేడం ఉందనీ సింధూజ చెప్పింది. ఆ మేడంది ఏ ఊరని అడిగాడు. సింధూజకు తెలియదు. అయితే సూరతే అని తేల్చి చేయి కడుక్కోబోయాడు.

స్వరాజ్యం మారు అన్నం వడ్డిస్తూ, ఎవరితోనూ కానట్టు అంది. "సూరత్ కాలేజీల మాత్రం మనోళ్లు ఎవలున్నరు?"

"ఊళ్లెనే గదా."

"ఊళ్లె షెడ్డుకైతే జిమ్మేదార్ లేకుంట తీస్కుంటరా మీరు?"

తీసుకోడు. ఆ రాత్రి అన్నం మధ్యలోనే లేచాడు. మంగళవారం, బుధవారం ఆయన చేసింది కాలేజీలో జిమ్మేదార్‌ను వెతకడమే. షెడ్డులో అందరినీ అడిగాడు, టీ బండి అతన్ని అడిగాడు, తనను మొదట ఈ ఊళ్లో పనికి పెట్టించిన సోమలింగం మామను అడిగాడు. ఆ కాలేజీలో మనవాళ్లంటూ నిజామాబాద్ వాచ్‌మన్ ఒకడుండేవాడట. దీపావళికే మానేశాడట.

బుధవారం సాయంత్రం చెప్పులు విప్పుతూనే అన్నాడు. "ఎవల్లేరు. ఈ ఏడు ఆపుదాం. వచ్చే ఏడు చూద్దాం."

సింధూజ మొహం తెల్లబడింది. చేసింది చాలు అన్నట్టు తల్లి వైపు చూసింది. స్వరాజ్యం చేతిలో కత్తెర పక్కన పెట్టి, ఫోను తీసి భర్తకు ఇచ్చింది.

"నేనుంట," అంది.

ఉమాకాంత్ నవ్వాడు. ఫోను చూశాక నవ్వు ఆపాడు. ఇక్కడి పద్ధతి ప్రకారం పెళ్లయినవాళ్ల పేరు పక్కన మొగుడి పేరు రాస్తారు. ఆడెపు స్వరాజ్యం ఉమాకాంత్, పద్నాలుగు అని ఉంది. ఏడో తరగతితో బడి మానేసిన తన పేరు ఒక యూనివర్సిటీ జాబితాలో ఉంది. దాన్ని మూడుసార్లు చదివాడు. ఎప్పుడు రాసిందని గానీ ఎందుకు చెప్పలేదని గానీ అడగాలని ఆయనకు తోచలేదు.

"పిల్లదానిది ఎంత?"

"ముప్పై ఒకటి."

"అయితే నువ్వే సీనియర్."

మధ్యాహ్నం వంట ఎవరు చేస్తారన్న సందేహం ఒకటి మిగిలింది. దాన్ని లింగవ్వ తీర్చింది. కుక్కర్ పెట్టడం తనకు రాదా, కోడలు బయటికి పోతే పగలంతా టీవీ రిమోటు తన చేతిలోనే ఉంటుంది, అంది. గురువారం పొద్దున ఉమాకాంత్ స్నానం చేసి, దేవుడికి దండం పెట్టి, స్వరాజ్యం సీటుకు తానే బటన్ నొక్కాడు. కూతురిది కూడా నొక్కబోతే సింధూజ ఫోను వెనక్కి లాక్కుంది. రేపటిదాకా టైముందని చెప్పింది.

మాస్టర్ భార్య కూతురికి కాపలాగా కాలేజీలో చేరుతోందని సాయంత్రానికి షెడ్డంతా తెలిసింది. అభినందించడానికి సోమలింగం స్వయంగా వచ్చాడు. చాయ్ పోసిన సాసర్ పెదాలకు ఆనించాడో లేదో, సింధూజ తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది.

"బాపూ, నేను బరోడా పోత. అమ్మ ముందర నేను చదవలేను."

"జిమ్మేదార్?" అన్నాడు ఉమాకాంత్. ఆయనకు ఇంకేం అనాలో తెలియదు.

మంచం మీంచి లింగవ్వ టీవీ గొంతు తగ్గించింది. ఆ ఇంట్లో అది చిన్న విషయం కాదు.

"కొడుకా, నీకెవడుండె జిమ్మేదార్?"

"గీ సోమలింగం మామనే గదనే."

"సోమలింగం నీకు ఎట్ల మామ?"

సోమలింగం సాసర్‌లోకి దీక్షగా చూడసాగాడు. ఉమాకాంత్ చెవులు ఎర్రబడ్డాయి. ఇరవై ఎనిమిదేళ్లుగా సోమలింగం ఆయనకు మేనమామ. చుట్టరికం ఎట్నుంచని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"రైల్ల కలిసిండు బిడ్డా," అని సోమలింగమే ఒప్పుకున్నాడు, సింధూజ వైపు తిరిగి. "భుసావల్ దాటినంక. డబ్బ తీసి సకినాలు పెట్టిండు. సగం డబ్బ నేనే తిన్న. పొద్దుగాల సేటు వీడెవడని అడిగిండు. గన్ని సకినాలు తిని తెల్వదని ఎట్లంట? మేనల్లుడన్న."

స్వరాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల చాలాసేపు గిన్నెల చప్పుడు వినిపించింది.

ఉమాకాంత్ గోడకున్న గడియారం చూశాడు, సోమలింగాన్ని చూశాడు, తల్లిని చూశాడు. ఆఖరికి అన్నాడు.

"అవ్వా, డబ్బ నిండ సకినాలు చెయ్యి."

బరోడాకు రైలు రెండు గంటలే కదా, అంతలో జిమ్మేదార్ దొరుకుతాడో లేదో అని సోమలింగం సందేహపడ్డాడు. అవసరమైతే పాసింజర్ ఎక్కిస్తానని ఉమాకాంత్ అన్నాడు. సింధూజ అప్పటికే బటన్ నొక్కేసింది.

శుక్రవారం సాయంత్రం నాలుగు దాటింది. సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న ఉమాకాంత్ ట్రంకుపెట్టెకు తాళం బిగిస్తూ బిగిస్తూ ఆగాడు. షెడ్డులో ఎక్కడో ఒక పోగు తెగితే మాస్టర్‌కు దూరం నుంచే తెలుస్తుందంటారు.

"ఆగు," అన్నాడు. "ఇది బరోడా పోతే సూరత్‌ల ఎవలికి కాపల? నువ్వెందుకు పోవుడు ఇగ?"

సింధూజ తల్లిని చూసింది. లింగవ్వ రిమోటును గట్టిగా పట్టుకుంది. ఒప్పుకున్న సీటును కూడా ఐదింటిలోగా వద్దనుకోవచ్చని ఆ యూనివర్సిటీ కాగితంలో కింద చిన్న అక్షరాల్లో ఉంది. స్వరాజ్యానికి అది కంఠతా వచ్చు. ఆమె చీర తిరగేసి ఒక దారం కత్తిరించింది. ఇంకొకటి కత్తిరించింది.

"పోయినేడు మొండయ్య తెచ్చిన పిలగాడు పారిపోతే, వాని మగ్గాలు ఎవలు నడిపిండ్రు?"

"మొండయ్య."

"ఆయన ఎందుకు నడపాలె?"

"జిమ్మేదార్ గదా. గది షెడ్డు రూలు," అన్నాడు ఉమాకాంత్, రూలు చెప్పే గొంతుతో.

"మీ బిడ్డకు సూరత్ కాలేజీల జిమ్మేదార్ ఎవలు?"

ఆయన ట్రంకుపెట్టె వైపు చూశాడు. అందులో పారిపోతున్న మనిషి బట్టలు తానే సర్ది పెట్టాడు.

"ఎన్ని దినాలు నిలబడాలె?" అని అడిగాడు చివరికి.

"మొండయ్యవి పంతొమ్మిది," అంది స్వరాజ్యం. "నాయి రెండేండ్లు పడ్తయి."

టీవీలో ఎవరో కోడలు ఏడుస్తోంది. ఉమాకాంత్ తాళం నొక్కి, అది పడిందో లేదో లాగి చూసి, లేచాడు.

"షిఫ్టు ఎన్ని గంటలకు?"

"పదిన్నరకు."

"పావుగంట ముందుగాల పో," అన్నాడు, భార్య మొహం చూడకుండా. "కొత్తోళ్లు ఆలిశం జేస్తే మంచిగుండది."