పెల్లర్ వాగు చేపలు

నాటిన మొక్క బతకదు. బతికిన మొక్క ఆల్విన్ బాబాయికి నచ్చదు. ఆ ఏడాదంతా మా ఇంట్లో ఇదే గోల. నాకు పిచ్చెక్కిపోయింది.

మా నాన్న చెరకు తోట వెనక పెల్లర్ వాగు పారేది. అందులో వేలెడంత చేపలు, ఒంటినిండా సన్నటి ఎర్రగీతలతో, గుంపులు గుంపులుగా తిరిగేవి. ఎవడో పుణ్యాత్ముడు తిలాపియా అనే తిండిపోతు చేపలను తెచ్చి ఆ వాగులో వదిలాడు. నాలుగేళ్ళలో అవి వీటిని ఊడ్చిపెట్టేశాయి. నాన్న పోయాడు, తోట అమ్ముడుపోయింది. ఆ చేపలు మాత్రం నాన్న స్నేహితుడు ఆల్విన్ బాబాయి ఇంట్లో, ఒక గాజు తొట్టెలో మిగిలాయి. ఇంకెక్కడా లేవు. మోకాళ్ళు మొరాయించి బాబాయి వృద్ధాశ్రమానికి వెళ్ళాల్సి వచ్చినప్పుడు, వాటిని నాకిస్తానన్నాడు. మొక్కలతో నేను సిద్ధం చేసే తొట్టె తనకు నచ్చితేనే అన్నాడు.

మా ఇన్నిస్‌ఫెయిల్‌ ఊళ్ళో చేపలు పెంచేవాళ్ళకు ఒక పట్టింపు ఉంది. చేపను ఎవరికిచ్చినా అది ఏ వాగుదో చెప్పే ఇవ్వాలి. రెండు వాగుల చేపలను ఒక తొట్టెలో వేయకూడదు. వేస్తే అవి జతకడతాయి, పుట్టిన పిల్లలు ఏ వాగుకూ చెందవు. అలా కలిపినవాడి చేపలను ఆ తర్వాత ఎవరూ ముట్టరు.

ముందు వెడల్పాటి ఆకుల మొక్కలు పెట్టాను. బాబాయి కర్ర పొడుచుకుంటూ వచ్చి చూశాడు.

"ఇదేంటమ్మాయ్, క్యాబేజీ తోటా? నా చేపలు గుడ్లెక్కడ పెడతాయి, నీ నెత్తిమీదా?"

సరే, సన్నటి ఆకులు కావాలి కాబోలని కుచ్చులాంటి మొక్క ఒకటి సంపాదించాను. చూడగానే ఆయన కర్ర ఎత్తినంత పని చేశాడు. "పీకి పారెయ్! ప్రభుత్వం నిషేధించిన కలుపది. కాలవలో ఒక్క ముక్క పడిందా, ఇక కాలవ ఉండదు."

తొట్టె బోసిగా ఉందని దుకాణంలో నియాన్ టెట్రా చేపలు ఓ డజను కొన్నాను. నీలంగా, ముద్దుగా, ఒక్కటిగా తిరుగుతుంటే నాకే ముచ్చటేసింది.

"బాగున్నాయి. ఎక్కడో దక్షిణ అమెరికా చుట్టాల్ని ఇంట్లో దింపుకున్నావు. మరి ఇంటివాళ్ళు ఎక్కడ పడుకోవాలి?" అన్నాడు బాబాయి. వాటిని పక్కింటావిడకు ఇచ్చేశాను.

నదిలో పెరిగే రిబ్బను ఆకుల మొక్క ఆయనకు నచ్చింది. హమ్మయ్య అనుకునేలోగా అది కుళ్ళి జిగురైపోయింది. మళ్ళీ నాటాను. మళ్ళీ కుళ్ళింది. నేను తొట్టె ముందు కూర్చుని ఏడిస్తే మా ఆయన డెస్ టీవీ ముందునుంచి కేకేశాడు.

"ఆ ముసలాయన చేపల్నిస్తున్నాడా, పిల్లనిస్తున్నాడా? పెళ్ళిచూపులకైనా ఇన్నిసార్లు రారే!"

"నోరు మూసుకుని నీ క్రికెట్ నువ్వు చూసుకో," అన్నాను.

మూడోసారి ఇసుక మార్చి నాటితే వేళ్ళూనింది. బాబాయి చాలాసేపు చూసి తలూపాడు. "కాస్త నాచు కూడా వెయ్యి, గుడ్లకు మెత్తగా ఉంటుంది. చేపల్లేని చోటునుంచి తేవాలి సుమా, మొక్కలమ్మే నర్సరీలో దొరుకుతుంది." ఆ వారం మా చెల్లికి ఆపరేషన్ ఉండి నేను కెయిర్న్స్ వెళ్ళాలి. నాచు తెచ్చే పని డెస్‌కు అప్పగించి, నర్సరీ పేరు రెండుసార్లు చెప్పి మరీ వెళ్ళాను.

నేను తిరిగొచ్చేసరికి బాబాయి ఆశ్రమంలో చేరిపోయాడు, డెస్ తెచ్చి వదిలిన ఆయన చేపలు మా తొట్టెలో తిరుగుతున్నాయి. వాటిలో ఆడవి రెండే, అవీ ముసలివి. నాచు చుట్టూ వెంట్రుకల్లాంటి పిల్లలు! పొద్దున్నే ఆ ఆడచేపలు నాచులోకి దూరి ఇంకా గుడ్లు పెట్టడం నేను కళ్ళారా చూశాను. ఆనందం పట్టలేక ఆశ్రమానికి ఫోన్ చేస్తే బాబాయి అన్నాడు, "మీ నాన్న ఉంటే ఎగిరి గంతేసేవాడే!"

ఎండాకాలం దాటకుండానే ఆడవి రెండూ, వాటి వెనకే ముసలి మగవీ చచ్చిపోయాయి. దిగులు పడలేదు, పిల్లలున్నాయిగా అనుకున్నాను. అవి గోరంత అయ్యాక బాబాయిని చక్రాల కుర్చీలో ఇంటికి తీసుకొచ్చాం. ఆయన గాజుకు ముక్కు ఆనించి అలాగే ఉండిపోయాడు. కళ్ళలో నీళ్ళు.

డెస్ ఊరుకుంటాడా? "అంతా నా నాచు మహిమ బాబాయ్! మీ చేపల్ని వదిలిన మూడోనాటికే పిల్లలు బిలబిలమన్నాయి."

బాబాయి మెల్లగా ఇటు తిరిగాడు. "మూడోనాటికా? గుడ్డు పిల్లవ్వాలంటే వారం పడుతుంది నాయనా. ఆ నాచెక్కడిది?"

"మా స్నేహితుడు వెర్న్ తొట్టెలోది. అంతదూరం నర్సరీకి ఎవడు పోతాడని..."

వెర్న్ దగ్గరున్నవి కొండ అవతలి వాగు చేపలు. వాటి గుడ్లు నాచుకు అంటుకుని మా ఇంటికొచ్చాయి.

"నీ చేతులు పడిపోను! రెండుసార్లు చెప్పాను కదయ్యా!" అని అరిచాను.

"అబ్బా, అన్నీ ఒకేలా ఉన్నాయిగా! ఏం కొంప మునిగిందని?"

"ఒకేలా ఉండడమే బాధ," అన్నాడు బాబాయి. "తేడా ఉంటే ఏరుకునేవాళ్ళం."

నేను ఆయన చేయి పట్టుకున్నాను. "కొన్ని మనవే బాబాయ్. మన ఆడవి గుడ్లు పెట్టడం నేను చూశాను. ఒట్టు!"

"ఉంటాయమ్మా. ఎందుకుండవు? ఏవో చూపించు మరి."

నా వేలు గాజు మీద ఒక చేప వెంట కాసేపు నడిచింది. తర్వాత ఇంకోదాని వెంట. చేయి దించేశాను.

"పెంచుకో. వాటిదేం తప్పు?" అన్నాడాయన. "ఎవరైనా అడిగితే పెల్లర్ వాగువని మాత్రం చెప్పకు. ఇక ఆ మాట ఎవరూ అనొద్దు."

డెస్ కుర్చీ తోసుకెళ్ళి ఆయన్ని కారెక్కించాడు.

మేత వేసే వేళకు గుంపంతా పైకి వస్తుంది. అందులో మా నాన్న వాగు చేపలున్నాయి. ఏవో తెలియదు కాబట్టి అన్నిటికీ వేస్తాను.