పాలపన్ను కింద

ముందుపంటి పక్కన ఉన్న చిన్న పన్ను కదులుతోందని అక్షర చెప్పినప్పటి నుంచి వినోద ఒక్కచోట కుదురుగా నిలబడలేకపోతోంది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఉతికిన మాస్కులు తీగ మీద ఆరేసి, ఆరాయో లేదో గంటలో నాలుగుసార్లు వెళ్లి తడిమింది. మధ్యమధ్య కూతురి గడ్డం పట్టుకుని, ఫోన్ లైటు వేసి నోట్లోకి చూసేది.

అక్షరకు పన్నెండు నిండాయి. మిగిలిన ముందుపండ్లన్నీ మారాయి. పైవరుసలో ఎడమపక్క బియ్యపుగింజంత పాలపన్ను మాత్రం అలాగే ఉంది. దాని పక్కనే చిగురు చీల్చుకుని కోరపన్ను తొంగి చూస్తోంది.

"పాతది పోకుంటె కొత్తది యాడికెల్లి వస్తదే? వంకర లేస్తది," అంది అత్తగారు బుచ్చవ్వ. "ఐతారం రాజం వస్తడు గద. పోగు గట్టి ఒక్క గుంజు గుంజుతడు."

లక్ష్మీరాజం ఊరి బయట జోల్వాలో మగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. సెకండ్ వేవ్ తర్వాత అక్కడే గదిలో ఉంటూ, ఆదివారాలు మాత్రం లింబాయత్‌లోని ఇంటికి వస్తున్నాడు. తెగిన పోగును రెప్పపాటులో ముడివేసే చేయి అతనిది. ఆ గల్లీలో పిల్లల పాలపండ్లన్నీ ఆ చేతిమీదుగానే ఊడాయి. పంటి మొదట్లో ఉచ్చు బిగించి, కబుర్లాడుతూనే లాగేస్తాడు. ఏడ్చిన పిల్ల లేదు. ఊడిన పంటిని బుచ్చవ్వ పేడముద్దలో పొదిగి ఇంటి రేకుల మీదికి పిల్లల చేతే విసిరిస్తుంది. ఆ పేడ కోసం మెయిన్ రోడ్డు దాటి ఆవుల కొట్టం దాకా నడుస్తుంది, లాక్‌డౌన్‌లో కూడా మానలేదు.

ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. వినోద భయమేమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆమెకూ సరిగ్గా అదే చోట సందు ఉంది. సైకిల్ మీద నుంచి పడ్డానని పెళ్లిచూపుల్లో చెప్పింది. అలా చెప్పమన్నది వాళ్లమ్మ. నిజానికి పదమూడో ఏట బాపు పోగు కట్టి లాగాడు. కింద కొత్తది ఉందన్నాడు. అది రానేలేదు. తను విసిరిన పన్ను పెంకుల మీద నిలవక వాకిట్లోకి జారిపడిందని, అందుకే రాలేదని నాయనమ్మ గంగవ్వ తిట్టిపోసింది. డిగ్రీ చదివినా ఆ తిట్టు వినోద లోపల ఎక్కడో ఉండిపోయింది. నవ్వు వస్తే చేయి నోటికి అడ్డం వెళ్లేది. మాస్కులు వచ్చాక, ఏడాదిన్నరగా ఆ చేతికి కాస్త తెరిపి దొరికింది.

ఆ రోజు మధ్యాహ్నం సిరిసిల్లలో ఉన్న తండ్రికి వీడియో కాల్ చేసింది.

"బాపూ, జర నోరు తెర్వు."

"ఏందే బిడ్డా, కరోనా ఫోన్ల గూడ కనవడుతదా?"

"తెర్వు బాపూ. మీది పెదవి లేపు."

ముందు ఫ్యాను కనిపించింది, తర్వాత ముక్కు, ఆ తర్వాత పండ్లు. ఎడమపక్క జొన్నగింజంత, మొన తేలిన పన్ను. పుట్టినప్పటి నుంచి చూస్తున్న నోరే. ఏనాడూ పరీక్షగా చూడలేదు.

"గిది మొదటికెల్లి గింతే," అన్నాడు కమలాకర్. "మీ నాయనమ్మకైతె గీడ అసలు పన్నే లేకుండె."

"నాయనమ్మకా? నేనెన్నడు సూడలే!"

"ఆమె ఎన్నడన్న నవ్విందా, నువ్వు సూస్తందుకు?"

ఫోన్ పెట్టేసి వినోద గదిలో అటూ ఇటూ తిరిగింది. శుక్రవారం కూతురిని ఉధ్నా తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించింది. పండ్ల డాక్టరమ్మ శనివారం పదకొండుకు టైమిచ్చింది. లోపలికి ఒక్కరే రావాలంది. అక్షరను ఇంట్లో వదిలి, ఫిల్ము పట్టుకుని వినోద ఒక్కతే వెళ్లింది.

డాక్టర్ కమలాకుమారిది కాకినాడ. తెల్లటి కిట్టు, ముఖానికి ప్లాస్టిక్ అడ్డు, దాని వెనక నుంచి ఆమె గొంతు గదిలోంచి కాక గోడ అవతలి నుంచి వచ్చినట్టుంది. ఫిల్మును లైటుకు పెట్టి వేలితో చూపించింది.

"ఇక్కడ పాలపన్ను. దాని పైన చిగురులో కొత్త పన్ను ఉండాలి. ఏమీ లేదండీ."

"ఎక్కడన్న ఇరుక్కుందేమో మేడమ్? మా బాపుకు ఆడ గింజంత పన్నే ఉంది, నాకైతె రానేలేదు."

"అసలు తయారే కాలేదు. పాలపన్ను తయారవుతుండగానే, దాని పక్క నుంచి రెండో పంటికి ఒక మొలక వేరుపడాలి. ఎక్కడ మొలవాలో, ఎప్పుడు మొలవాలో చెప్పేవి జన్యువులు. ఒకటి చెబితే ఇంకొకటి అందుకోవాలి. మీ వంశంలో ఈ చోటికి ఆ కబురు సరిగ్గా అందట్లేదు. మీ నాన్నగారికి సగం అందినట్టుంది, గింజంత పన్నొచ్చింది. మీకూ పాపకీ అసలు అందలేదు."

"నేను అప్పుడు పన్ను పెంకుల మీదికి సరిగ విసరలేదని మా నాయనమ్మ..." అని ఆగిపోయింది వినోద.

డాక్టరమ్మ నవ్వలేదు. "అది మీరు పుట్టకముందే తేలిపోయిందండీ," అంది. "సొరచేపకైతే మొలకలు వేసే ఆ పొర బతికున్నంతకాలం పనిచేస్తుంది. ఒకటి ఊడితే వెనక ఇంకోటి సిద్ధం. ఎలుకకి పళ్లు మారనే మారవు. మనకి ఒక్కసారి మారతాయి, అంతే, ఆ పొర కరిగిపోతుంది. పాపకి ఆ చోట ఉన్నది ఈ పాలపన్నొక్కటే. వేరు సగానికి పైగా ఉంది. దాన్ని లాగకుండా చూసుకుంటే కొన్నేళ్లు నిలవచ్చు. ఎదిగాక ఏం పెట్టాలో చూద్దాం."

బయటికి వచ్చి ఫోన్ చూస్తే లక్ష్మీరాజం గొంతు మెసేజ్ ఉంది. "కరెంట్ పోయింది, ఛుట్టీ ఇచ్చిండ్రు. ఇంటికొచ్చిన. పన్ను పని గూడ ఈయాల్నే అయిపోతది."

ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మెసేజ్ వచ్చి అరగంట దాటింది. రిక్షా ఎక్కాక కూడా చేస్తూనే ఉంది. వంతెన దగ్గర బట్టల మూటల టెంపోలు అడ్డంగా నిలిచిపోయాయి. డ్రైవరు ఇంజను ఆపేశాడు. వినోద చేతికందిన నోటు ఇచ్చేసి, చిల్లర కోసం ఆగకుండా దిగి, ఫిల్మును గుండెకు అదుముకుని ఎండలో పరుగులాంటి నడక నడిచింది.

గడప దాటేసరికి అక్షర పీట మీద కూర్చుని ఉంది. నోరు తెరిచి ఉంది. అందులోంచి తెల్లటి పాలిస్టర్ పోగు తండ్రి చూపుడువేలి దాకా సాగి ఉంది. పక్కన పేడముద్దతో బుచ్చవ్వ.

"పప్పా, ఏక్ మినట్. ఇంకొక్కటే మినట్," అంటోంది పిల్ల.

"పది మినట్లాయె. బుక్కుల సదివిన సొరచేపల ముచ్చట, మొసలి ముచ్చట అన్ని జెప్పినవు గద," అన్నాడు లక్ష్మీరాజం. వేలు బిగించాడు.

"ఆగుండ్రి!" అని అరిచింది వినోద.

"భయపడకు, చీమ కుట్టినట్టు గూడ ఉండది."

"పన్ను ఊడుతది. కొత్తది మాత్రం రాదు." వినోద మాస్కు కిందికి లాగింది. "నేను సైకిల్ మీదికెల్లి పడలే. మా బాపు గిట్లనే పోగు గట్టి గుంజిండు. మల్ల రాలే."

బుచ్చవ్వ పేడముద్ద కింద పెట్టింది. "అంటె పెండ్లిల అబద్ధమాడిన్రా?"

"ఆడినం అత్తమ్మా. మీరు పొద్దుమీకెదాంక తిట్టుండ్రి, పడత. ముందుగాల ఆ పోగు తియ్యనియ్యుండ్రి."

లక్ష్మీరాజం వేలు కదపకుండా, రెండో చేత్తో ఫిల్ము తీసుకుని తలుపు వెలుగుకు పట్టుకున్నాడు. బట్టలో తప్పు వెతికినట్టు పండ్ల వరుస వెంబడి చూపు నడిపి, ఒకచోట ఆగాడు.

"తెగిన పోగైతె ముడెయ్యొచ్చు," అన్నాడు. "గీడ పోగు ఎక్కియ్యనే లేదు."

అతని ముడి లాగే కొద్దీ బిగుసుకునేది, విప్పితే వచ్చేది కాదు. కొయ్యాల్సిందే. వినోద పిల్ల తలను పొట్టకు ఆనించుకుని కదలకుండా పట్టుకుంది. అతను బ్లేడు మొన ఉచ్చు కింద దూర్చాడు. ఒకసారి వెనక్కి తీసి, చేయి లుంగీకి తుడుచుకుని, మళ్లీ పెట్టాడు. పోగు పుటుక్కుమంది. చిగురు దగ్గర చిన్న నెత్తురు చుక్క.

"ఉందా?" అంది వినోద.

అక్షర నాలుకతో తడిమి చూసుకుంది. "ఉంది."

"ఈ పేడ ఏం జెయ్యాలె మరి?" అంది బుచ్చవ్వ ఎవరి మొహమూ చూడకుండా. తానే తీసుకెళ్లి కరివేపాకు కుండీలో వేసింది. గొణుగుడు మాత్రం ఆపలేదు.

అన్నాలప్పుడు వినోద పిల్లకు మెత్తగా కలిపి పెట్టి, "కదులుతుందా?" అని అడిగింది. గిన్నెలు కడుగుతూ అడిగింది. మాస్కులు మడతపెడుతూ ఇంకోసారి అడిగింది.

"మమ్మీ, బస్," అంది అక్షర. "నువ్వు అడిగినప్పుడల్ల నాలుకతోని తోసి సూస్తున్న. గందుకే కదులుతుంది."

వినోద నోరు మూసుకుంది. ఒక పావుగంట.