మూడు బొమ్మల్లో ఒకే చుక్క

అద్దాల సారుది జీవితమంతా ఒకటే పాట. విశ్వంలో మొట్టమొదట వెలిగిన నక్షత్రాల్లో హైడ్రోజన్, హీలియం తప్ప చెప్పుకోదగ్గదేదీ ఉండదని, ఆక్సిజన్‌లాంటివన్నీ ఆ తర్వాత వాటి కడుపులోనే పుట్టాయని, అలాంటి తొలితరం నక్షత్రాల గెలాక్సీని ఒక్కదాన్నైనా చూసి పోవాలని. నలభై ఏళ్ళుగా విని ఖగోళశాస్త్ర విభాగంలో అందరి చెవులూ చిల్లులు పడ్డాయి.

ఇప్పుడాయన ఆసుపత్రిలో ఉన్నారు. కాలేయం చేతులెత్తేసింది. సరిగ్గా ఇప్పుడే ఆయన శిష్యురాలికి ఆ గెలాక్సీ దొరికింది. దాని వెలుగును విడదీసిన వర్ణపటంలో హీలియం గీత ఉంది, ఆక్సిజన్ గీత లేదు. ఆ మాట చెప్పగానే సారు పసిపిల్లాడిలా ఏడ్చారు. ఇద్దరి పేర్లతో సోమవారం పరిశోధన పత్రికకు వ్యాసం పంపాలి.

శనివారం పొద్దున ఆమె చివరిసారి సరిచూద్దామని కూర్చుంది. టెలిస్కోపు మూడుసార్లు తీసిన ఆ వర్ణపటం బొమ్మలమీద ఎక్కడినుంచో వచ్చిపడే కణాలవల్ల తెల్లచుక్కలు పడతాయి. వాటిని ఏరి చెరిపేయాలి. ఆ పనికి విభాగంలో ‘దుమ్ము దులపడం’ అని పేరు. సారు ప్రోగ్రాముల్ని నమ్మరు, మనుషుల్ని అంతకన్నా నమ్మరు. ఆసుపత్రి మంచంమీద కూడా లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని తానే దులిపారు.

ఆమె దులపకముందటి అసలు బొమ్మలు తెరిచింది. ఆక్సిజన్ గీత పడాల్సిన చోట ఒక చుక్క. రెండో బొమ్మలోనూ అక్కడే. మూడోదాంట్లోనూ అక్కడే. దారినపోయే కణం మూడుసార్లూ ఒకేచోట పడదు. అది దుమ్ము కాదు, ఆక్సిజనే.

పాపం ముసలి కళ్ళు, కనిపించక తుడిచేసి ఉంటారు అనుకుంది. తప్పు తనమీద వేసుకోవాలని నిశ్చయించుకుని మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళింది.

“పంపేశావామ్మా?” అన్నారు సారు, ఆమె కూర్చోకముందే.

“లేదు సార్. అందులో ఆక్సిజన్ ఉంది. దులపడంలో పోయింది. నేనే సరిగ్గా చూసుకోలేదు.”

ఆయన కళ్ళజోడు తీసి దుప్పటిమీద పెట్టారు.

“నువ్వెందుకు నెత్తినేసుకుంటావ్? నా కళ్ళు బాగానే ఉన్నాయి. మూడింట్లోనూ చూశాను.”

“చూసి కూడా తుడిచారా?”

“రెండు నెలలు కూడా కష్టమన్నారు డాక్టర్లు. నేను పోయాక ఎవరో ఒకళ్ళు తప్పు పట్టుకుంటార్లే అనుకున్నాను.”

అప్పుడా తలవంపులు తనొక్కతే మోయాల్సి వచ్చేదన్న సంగతి ఆయనకు తట్టనేలేదని ఆమెకు అర్థమైంది. ఏడుపు వచ్చేంత కోపం వచ్చింది. ఆ కోపం వెనకే భయం పుట్టింది. పదకొండేళ్ళ కిందటి తన థీసిస్, దాన్ని చూసి ఇచ్చిన ఉద్యోగం, ఆ తర్వాతి వ్యాసాలు, అన్నింటి వెనకా దుమ్ము దులిపింది సారు చేతులే.

“సార్, నా థీసిస్‌లో అప్పటి గెలాక్సీకి ఆక్సిజన్ బాగా తక్కువని రాశాం. నిజంగానే తక్కువా?”

నర్సు వచ్చి సెలైన్ సీసా మార్చి వెళ్ళింది. ఆమె మళ్ళీ అడిగింది.

సారు దుప్పటి మెడదాకా లాక్కుని గోడవైపు తిరిగి పడుకున్నారు.