పత్రికలో పీరు బొమ్మ

మా ఆయన దశరథం ఇంటి ముందు అర్రలో వారపత్రిక నడిపేవాడు. నాలుగంటే నాలుగే పేజీలు. రాసేదీ ఆయనే, అక్షరాలు పేర్చేదీ ఆయనే. మంచిర్యాలకు ఆమడ దూరంలో మా ఊరు, మాది సాలెల ఇల్లు. అయినా మొహర్రంలో కాసీం పీరును ఎత్తేది మా ఇంటి మగవాళ్లే. మా మామ ఎత్తేవాడు, ఆయన పోయాక మా ఆయన. పీరుకు చుట్టే పట్టు దట్టీ కూడా మా మగ్గం మీదే నేసేవాళ్లం. ఇదెప్పటినుంచని ఎవరైనా అడుగుతారా? ఇంట్లో పొయ్యి ఎప్పుడు వేశారని అడిగామా?

ఓట్లప్పుడు వాడవాడా తిరిగిన దామోదర్‌రావు దొర, గెలిచాక గడప దాటలేదు. పండుగ అయిపోగానే పీర్లను మళ్లీ పెట్టెలో పెడతారు కదా, మా ఆయనకు అది గుర్తొచ్చింది. పీరు బొమ్మ గీసి, దానికి దొర తలకాయ పెట్టి, వడ్లాయనతో చెక్క మీద చెక్కించాడు. "ఓట్ల పండుగకే లేస్తడు" అని కింద రాసి అచ్చువేశాడు.

పత్రిక పంచిన పొద్దున తురకవాడలో దుకాణాలు తెరవలేదు. ఎవరూ అరవలేదు, ఎవరూ రాయి వేయలేదు. పోలీసు యాక్షన్ అయి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. ఆ వాడలో గట్టిగా మాట్లాడటం ఎప్పుడో మానేశారు.

మధ్యాహ్నం పోలీసు అమీన్ ఒక ఫిర్యాదు కాయితం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు, పీర్లను చూసుకునే ముజావరు జిలానీ సాబ్‌ను వెంటబెట్టుకొని.

"'మా మతాన్ని ఎక్కిరించిండు' అని గిండ్ల నీ పేరు మీద రాసున్నది. ఏలుముద్ర ఎయ్యి సాబ్, గీ ప్రెస్సుకు తాళమేస్త," అన్నాడు అమీన్.

"ఎవలు రాసిన్రు గిది?"

"దొర రాయించిండు. నీ కోసమే."

"నా కోసం దొర ఏడ్సుడు ఎప్పటిసంది?" అన్నాడు జిలానీ సాబ్. "నిరుడు మా కబరస్తాన్ గోడ కూలితె ఒక్క ఇటుక ఇయ్యలే. గిప్పుడు నా దుఃఖం ఆయన రాయించిండా? నేనెయ్య."

అమీన్ కాసేపు బెదిరించి, విసుక్కుంటూ వెళ్లిపోయాడు. మా ఆయన మొహంలోకి నెత్తురొచ్చింది.

"సల్లగుండు కాకా. నేను దొరనన్న గని పీరునంటినా? మన పీరే గదా అనుకున్న."

"మనదే. గందుకే గింత కాలుతున్నది. బయటోడు జేస్తె ఉమ్మేసి ఊకుందుము. మా వాడల మొగోళ్లు పోయిన్రు, పొలాలు పోయినయి. పీరొక్కటి మిగిలె. గదే దొరికిందా నీకు నవ్వులాటకు?"

"తప్పయింది కాకా. వచ్చే వారం రాస్త."

"రాయి, రాయకపో. పత్రిక నీది. బంద్ జెయ్యుమని నేననలే. గని గీయేడు కాసీం పీరును నువ్వు ఎత్తద్దు."

"మా బాపు కాన్నుంచి ఎత్తుతున్నం గద."

"ఎర్కే."

"మామా, జర చాయ తాగి పో," అన్నాను నేను.

"మళ్లొస్త బిడ్డా," అన్నాడు. రాలేదు.

పీరు బొమ్మ వేయడం తప్పని మా ఆయన పెద్ద అక్షరాలతో అచ్చువేశాడు. దొరను అన్నందుకు మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నేను పంపిన దట్టీ తీసుకున్నారు. తిరిగి ఎత్తమని కబురు మాత్రం రాలేదు.

పండుగ నాడు మా వీధికి పీర్లొచ్చాయి. ఇంటింటి ముందూ ఆగుతాయి, ఎత్తుకున్నవాడి కాళ్ల మీద ఆడవాళ్లు నీళ్లు పోస్తారు. పెళ్లయినదగ్గర నుంచి నేను పోసింది నా మామ కాళ్లకూ, మగడి కాళ్లకూ. ఆ ఏడు కాసీం పీరు మా వీధి చివరింటి హనుమండ్లు భుజం మీద వచ్చింది.

"వదినె, జల్ది పొయ్యి. ఎండకు కాళ్లు బొబ్బలెక్కినయి," అన్నాడు.

పోశాను. ఆయన పక్కింటికి కదిలాడు. లోపలికొస్తే, మా ఆయన అన్నం ముందు కూర్చొని ఉన్నాడు.

"కూర ఎచ్చజేయాల్నా?" అన్నాను.

"ఎందుకు, మంచిగనే ఉన్నది," అన్నాడు. తినడానికి చెయ్యి కూడా ఇంకా కడుక్కోలేదు.