కొత్త ఫోన్లు మాకొద్దు

సంగయ్య కుడిచెయ్యి బొబ్బలెక్కి తోలు ఊడిపోతోంది. జహీరాబాద్ దవాఖానలో అతని పక్కన కూర్చున్న శరణమ్మకు ఏడుపు కంటే కోపమే ఎక్కువొచ్చింది. ట్యాంకులు తయారుచేసే షెడ్డులో మొగుడూ పెళ్లాం ఇద్దరూ కూలీలే. పది రోజుల కింద, వెల్డింగు అతుకులకు ఎక్స్‌రే తీసే డబ్బాలోని కిరణాలు చిమ్మే గోలీ, పని అయినా లోపలికి పోకుండా గొట్టంలోనే ఇరుక్కుంది. అది తెలియక కూలీలంతా పొద్దంతా దాని చుట్టే పనిచేశారు. సంగయ్య ఆ గొట్టాన్ని చేత్తో పట్టుకుని పక్కకు జరిపాడు.

"ఎవ్వలికీ ఏం తగల్లే. బ్యాడ్జీలల్ల ఏం రాలే" అన్నాడు దవాఖానకు వచ్చిన కాంట్రాక్టర్ జగన్‌మోహన్.

కిరణాలు ఎంత తగిలాయో చూపే ఆ బ్యాడ్జీ కూలీల్లో ఒక్కరికీ ఇచ్చింది లేదు.

ఆ సాయంత్రం శరణమ్మ వాకిట్లో అందరూ కూడారు. అదే కంపెనీలో ఇంజనీరు, గుంటూరు పిల్ల ప్రత్యూష కూడా వచ్చింది.

"ఆ రోజు మీ జేబుల్లో ఉన్న ఫోన్లు జాగ్రత్తండీ. లోపలున్న చిన్న చిన్న ముక్కల్లో ఆ కిరణాల గుర్తు ఉండిపోతుంది. ల్యాబులో చూస్తే ఎంత తగిలిందో అంచనా కట్టొచ్చు. కానీ ఆలస్యమైతే గుర్తు చెదిరిపోతుంది. విప్పిన ఫోను మళ్లీ పనిచెయ్యదు."

"ఫోన్ పోతే పనికెవడు పిలుస్తడు?" వెల్డర్ అఖిలేష్ లేచాడు. "నేనియ్య!"

"నా మొగని చెయ్యి పోతున్నది, నీకు ఫోన్ ఫికరా?" శరణమ్మ గద్దించింది. ఆ మాటా ఈ మాటా పెరిగి, ఏదీ తేలకుండానే లేచిపోయారు.

తెల్లారి గేటు ముందు అట్టపెట్టెలు దిగాయి. "పాత ఫోన్ ఇయ్యుండ్రి, కొత్తది తీస్కోండ్రి. మాలిక్ ఖుషీతోని ఇస్తుండు" అన్నాడు జగన్‌మోహన్. వరస కట్టినవాళ్లలో అఖిలేష్ ముందున్నాడు.

శరణమ్మ అడ్డం నిలబడింది. "చేతులకు గ్లౌజులు అడిగితే ఇయ్యలే. గియ్యాల ఫోన్లెందుకు సారూ? మా పాతయి ఏం జేస్తవ్?"

"నీకెందుకు? చెత్తల పారేస్తం."

"చెత్తకు గింత ఖర్చా?"

అఖిలేష్ చెయ్యి ఆగిపోయింది. ఫోను జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. వరసంతా అతని వెంట కదిలింది. తిన్నగా తహసీల్దారు ఆఫీసుకే నడిచారు. అందరి ముందు ఫోన్లకు పంచనామా రాయాలి, సీలు వేసి ల్యాబుకు పంపాలి, అదీ డిమాండు.

అంతలో పోలీసు జీపు వచ్చింది. "కేసుల సాక్ష్యం అది. ఫోన్లు ఇటియ్యుండ్రి" అన్నాడు ఎస్సై.

"సాక్ష్యమని నువ్వే అంటివి గద సారూ!" శరణమ్మ గొంతు ఆఫీసు వాకిలంతా వినబడింది. "అయితే రసీదు రాయి. మా కండ్ల ముంగట సీలెయ్యి. ఉత్తగైతే ఇయ్యం!"

"ఇయ్యం!" జనం హోరెత్తారు.

ఆమెను రెక్క పట్టి జీపులోకి తోశారు. వెంటనే అఖిలేష్ మెట్ల మీద బైఠాయించాడు. అతని వెనక ఆడవాళ్లు, మగవాళ్లు దారి మూసేసి కూర్చున్నారు. కాసేపటికి తహసీల్దారు పంచనామా కాగితం, సీలు వేసే లక్క పట్టుకుని తానే బయటికొచ్చాడు.

ఠాణా కిటికీ దగ్గరికి కోహీర్ వైపు షెడ్డు కూలీ దీక్షిత వచ్చింది.

"అక్కా, మాకాడ గూడ గసొంటి డబ్బే ఉన్నది. మాకూ బ్యాడ్జీలు లెవ్వు. మా గేటుకాడికి వస్తవా?"

శరణమ్మ ఊచలు పట్టుకుని నవ్వింది. "ఇడిసినంక వస్త. నువ్వు అందాక ఆగకు. పోయి మందిని కూడబెట్టు."