కదలని కన్ను, కదిలే నోరు

మా ఆవిడ బట్టలు కుడుతుంది, నేను కబుర్లు అల్లుతాను. మొన్న కంటి డాక్టరు ఆవిడ కుడికంట్లో తెల్లటి గడ్డ ఉందన్నారు. గడ్డ అన్న రోజు నుంచే మాకు గడ్డురోజులు! క్యాన్సరైతే కన్నే తీసెయ్యాల్సి రావచ్చట. అదేంటో తేలాలంటే కంటి పొరల్ని విడివిడిగా చూపించే ఫోటో కావాలని పెద్దాసుపత్రికి పంపించారు.

చీకటిగది. ఫోటోలు తీసే అమ్మాయి మా ఆవిడ గడ్డం పట్టి మిషను మీద ఆనించింది. ఆవిడ లోపలి పచ్చచుక్కనే చూస్తోంది.

"గడ్డ కోసం వస్తే గడ్డం పట్టుకున్నారేంటమ్మా?" అన్నాను.

మా ఆవిడ కిసుక్కుమంది. తెరమీద పొరలన్నీ అలుక్కుపోయాయి.

"బాబాయ్ గారూ, కన్ను కదిలితే ఏమీ తెలీదు. కాసేపు మాట్లాడకండి," అంది అమ్మాయి.

నా నోటికి తాళం పడింది, గుండె తాళం తప్పింది. ఈసారి ఫోటో మరీ అధ్వానం. మా ఆవిడ కంటినిండా నీళ్లు.

"ఏమైంది పిన్నిగారూ?"

"ఆయన మాట్లాడట్లేదేంటమ్మా? పెళ్లయ్యాక ఇంతసేపు నోరు మూసుకున్న మనిషి కాదు. తెరమీద ఏదో ఘోరం చూసే ఉంటారు!"

అమ్మాయి నా వైపు తిరిగింది. "మాట్లాడండి బాబాయ్ గారూ. నవ్వొచ్చేవి మాత్రం వద్దు."

ఇదెక్కడి శిక్ష! చొక్కా ఎలా కుట్టాలో పాఠంలా అప్పజెప్పాను. ముందు గుండీలు కుట్టాలి, తర్వాత కాలరు, ఆ తర్వాత బట్ట కత్తిరించాలి... మా ఆవిడ పళ్లు బిగించింది. కన్ను కొయ్యలా నిలిచింది.

"వచ్చేసింది!" అంది అమ్మాయి.

"బట్ట కత్తిరించకుండా గుండీలు దేనికి కుడతారండీ, మీ నాలుక్కా?" గడ్డం ఎత్తగానే మా ఆవిడ మొదటిమాట.

డాక్టరమ్మ ఆ ఫోటోని తెరమీద పెద్దది చేసి చూపించింది. "గడ్డ రెటీనా పైపొరలోనే ఉంది. పురుగు కొట్టిన గుడ్డలా లోపల చిన్న చిన్న ఖాళీలున్నాయి చూశారా? ఈ రకానికి అదే గుర్తు. కింది పొరలు చెక్కుచెదరలేదు. చాలా అరుదైనది, కానీ క్యాన్సర్ కాదు. కన్ను తియ్యక్కర్లేదు. ఏడాదికోసారి వచ్చి ఫోటో తీయించుకోండి."

"అలాంటి గుడ్డ అమ్మితే కొట్టువాణ్ణి కడిగేసేదాన్ని. ఇవాళేమో ముద్దొస్తోంది," అంటూ మా ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాకు కొంగు లేదు కాబట్టి చొక్కా తడిసింది.

ఫోటో తీసిన ఆ అమ్మాయికి చెప్పకుండా కాలు కదల్లేదు. లోపల ఇంకెవరిదో కన్ను మిషను ముందుంది. తలుపు బయటే నిలబడ్డాం. అమ్మాయి బయటికి రాగానే మా ఆవిడ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నీ చలవే తల్లీ. నీకో చొక్కా కుట్టి తెస్తాను."

"అయ్యో, వద్దు పిన్నిగారూ, నా పనే కదా!"

ఆమె వద్దంటూనే ఉంది. మా ఆవిడ అప్పటికే కంటితోనే భుజాల కొలత తీసేసుకుంది.