మౌక్తిక ఉభయదేశపౌరురాలైన విధము

వర్షర్తువు ముగిసి మేఘములు తమ బరువు దించుకొని కొండలవైపు తరలిపోగా రెల్లుపూవులచే ధవళితములైన ఏటిగట్లును అలలపై నాట్యమాడు బాలాతపమును వలలారవేయు జాలరివనితల కలకలభాషణములును గూడి ఫేనపురమను రేవుపట్టణమున శరత్కాలము అడుగుపెట్టిన యుదయమది. ఆ రేవునుండి వెడలు నావలకెల్ల కొబ్బరినారతో త్రాళ్లు పేనియిచ్చు మౌక్తిక యను స్త్రీ యా దినమున పనికి రాలేదు. జ్వరము వచ్చినను పని మానని మనిషి యగుటచే ఇరుగుపొరుగువారు ఆమె యింటివైపు పలుమాఱు చూచిరి. ఆమె చలువచీర కట్టుకొని భర్తయగు ధ్రువసేనుని వెంట సమాఖ్యసభకు బయలుదేరుచుండెను.

ఆ సమాఖ్యమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. పర్వత అరణ్య నదీ సాగరములను నాలుగు జనపదములు వేర్వేరు శాసనములతో వేర్వేరు పండుగలతో వేర్వేరు రుచులతో బ్రదుకుచు దేశరక్షణము నాణెము మొదలగు కొన్ని పెద్ద కార్యములకు మాత్రము ఒక్క సభను నిలుపుకొని చతుర్జనపద సమాఖ్యమను పేర వర్ధిల్లుచుండెను. వారిలో కలహములు లేవనిన అబద్ధమగును. పులుసున బెల్లము వేయవలెనా యను విషయమున నదీజనపదమునకును పర్వతజనపదమునకును నేటికిని పొత్తు కుదరలేదు. అయినను అందఱును ఒక్క కప్పుక్రింద కూర్చుండి వాదించుకొని ఒక్క పంక్తిని భుజించి లేచిపోవుటకు అలవాటుపడిరి. అది సామాన్యమైన భాగ్యము కాదు.

ఆ సభవారు గడచిన వేసవిలో నొక శాసనము చేసిరి. పరదేశమునుండి వచ్చి చిరకాలము కాపురమున్నవారు తమ జన్మదేశపు పౌరసత్వమును త్యజించి సమాఖ్యపౌరసత్వమును గైకొనవలెను. ఇష్టము లేనిచో కార్తికపూర్ణిమలోపల సమాఖ్యమును విడిచిపోవలెను. శాసనములు చేయువారు సాధారణముగ రేవునకు మిక్కిలి దూరమున కూర్చుండి చేయుదురు గావున ఇది వారికి ఎంతయు సులభమైన సంగతిగా దోచెను.

మౌక్తికకు మాత్రము ఇది ప్రాణసంకటమయ్యెను. ఆమె శుక్తిద్వీపమున జన్మించినది. ముత్యములకై సముద్రమున మునిగిన మొదటి భర్త మరల తేలలేదు. ఆ వెనుక మూడేండ్ల కుమారుడు విషజ్వరమున మరణించి ద్వీపపు శ్మశానవాటికలో మట్టిక్రింద నిద్రించెను. బ్రదుకుతెరువు వెదకికొనుచు ఫేనపురమునకు వచ్చి చుక్కాని పట్టు ధ్రువసేనుని వివాహమాడి లవంగి యను కూతును కనెను. శుక్తిద్వీపవాసుల ధర్మమేమనగా ద్వీపపౌరులును వారి సంతానమును దప్ప అన్యులు ఆ వాటికలో అడుగిడరాదు. ఏటేట కార్తికమున ఆమె యొంటరిగా పోయి కుమారుని మట్టిదిబ్బను ఊడ్చి దీపము పెట్టి వచ్చుచుండెను. జన్మదేశమును త్యజించినచో ఆ మట్టి యామెకు పరాయిదగును. త్యజింపనిచో లవంగి యున్న యిల్లు పరాయిదగును. ఒక బిడ్డకొఱకు మఱియొక బిడ్డను వదలుమను శాసనమును ఎంత ముచ్చటైన అక్షరములతో వ్రాసినను అది క్రూరమే యని నేననుకొందును.

ఫేనపురము తమదైన సాగరజనపదమువారు, మా రేవున కాపురమున్నవారు మావారగుదురో కారో నిర్ణయించుటకు నడుమ మీరెవరని సమాఖ్యమును ధిక్కరించి ఆమెకు తమ పౌరసత్వమును తామే యొసగిరి. ఒక్క వాకిట ప్రవేశించినవారు నాలుగు గదులలోను తిరుగుదురు గావున వాకిటి తాళము అందఱిదనియు ఒక్కరిది కాదనియు సమాఖ్యమువారు బదులు చెప్పిరి. ఇరువురి మాటలోను న్యాయమున్నది, అందుచేతనే తగవు ముదిరెను. తుదకు శాసనమును సడలింపవలెనన్న నాలుగింట మూడు జనపదములు సమ్మతింపవలెనని తీర్మానించి మౌక్తికను సభకు పిలిపించిరి.

వృద్ధుడైన భద్రకీర్తి సభాధ్యక్షుడై యుండెను. సాగరప్రతినిధి ఆమె పక్షమున మాటాడెను. నదీప్రతినిధి సమ్మతించెను. కొత్తవారు వచ్చి కొట్టగా కొట్టగా తమ యడవులలో మ్రానులే మిగులలేదని అరణ్యప్రతినిధి ససేమిరా యనెను. ఇక మిగిలినవాడు పర్వతప్రతినిధి దృఢకేతువు. ఆ శాసనమును రచించినవాడాతడే. మొండివాడే కాని మనసున కుళ్లులేనివాడు.

ఆ సభయందొక ఆచారము కలదు. ప్రతినిధులందఱును ఎడమభుజమున తమ జనపదపు రంగుగల యుత్తరీయమును కుడిభుజమున సమాఖ్యపు తెల్లని యుత్తరీయమును ధరింతురు. ఏండ్ల తరబడి ధరించి ధరించి తాము ధరించియున్నామన్న సంగతియే మఱచిరి. దృఢకేతువు లేచి గొంతు సవరించుకొని గంభీరస్వరమున నిట్లనెను.

“ఒక దేహమునకు ఒక్క యుత్తరీయము చాలును. రెండింటిని మోయువాడు ఎప్పుడు దేనిని జారవిడుచునో ఎవరికి దెలియును?”

అనుచు భుజములనుండి జారుచున్న రెండుత్తరీయములను రెండు చేతులతోను పైకి లాగుకొనెను. వెనుకవరుసలో నెవరో కిసుక్కుమనిరి. పిమ్మట అధ్యక్షుడే మొగము ప్రక్కకు ద్రిప్పుకొనవలసివచ్చెను. దృఢకేతువు తన యెడమభుజము చూచుకొని కుడిభుజము చూచుకొని తానును నవ్వెను. తన్ను చూచి తాను నవ్వుకొనగల శాసనకర్త లభించుట ఏ దేశమునకైనను అదృష్టమే.

నవ్వు సద్దుమణిగిన పిమ్మట ఆతడు విషయమును విడువలేదు. తన రెండుత్తరీయములకు, అనగా పర్వతమునకును సమాఖ్యమునకును, యుద్ధము రాదనియు శుక్తిద్వీపముతో రావచ్చుననియు అప్పుడు నీవేమి చేయుదువనియు మౌక్తికను సూటిగా నడిగెను. అది యడుగవలసిన ప్రశ్నయే. ధ్రువసేనుడు భార్య చేయి పట్టుకొనెను. ఆమె చేయి విడిపించుకొని ముందుకు వచ్చెను.

“అయ్యా, అబద్ధమాడి పౌరసత్వము పుచ్చుకొనలేను. అట్టి రోజే వస్తే నేనెవరిమీదను కత్తి యెత్తను. ఇక్కడి గుట్టు అక్కడ చెప్పను, అక్కడిది ఇక్కడ చెప్పను. దెబ్బ తగిలినవాడు ఎవడైనను కట్టు కట్టెదను. నా సంసారమిక్కడ, కాబట్టి మీ శాసనమునకు లోబడియుందును. నా కొడుకును విడువుమని మాత్రము అనకండి.”

దృఢకేతువు ఆ బిడ్డ పోయి ఎంతకాలమైనదని మెల్లగా నడిగెను.

“పదునాలుగేండ్లు. ఉండియుంటే ఈపాటికి మీసము వచ్చియుండును.”

దృఢకేతువు అధ్యక్షునివైపు తిరిగి చేతులు జోడించి ఇట్లనెను.

“మనమడిగినంతమాత్రమున కన్నబిడ్డ మట్టిని విడిచి వచ్చు స్త్రీ, రేపు మఱియొకరడుగగా మనలను విడిచిపోవును. విడువననుచున్న యీమెయే మనకు కావలసినది. పర్వతజనపదము సమ్మతించుచున్నది.”

భద్రకీర్తి తీర్పు చెప్పెను. పరదేశమునుండి వచ్చి కాపురమున్నవారిని ఇకమీదట జన్మదేశము త్యజింపుమని నిర్బంధింపరాదు. కాపురమున్న జనపదమువారు వారి నడవడిని విచారించి సిఫారసు చేయవలెను, సమాఖ్యమువారు ప్రమాణము చేయించి స్వీకరింపవలెను. తమ యడవులలో భూమి యెవరికీయవలెనో అరణ్యజనపదమువారు తామే నిర్ణయించుకొందురుగాక. ఈ కడపటి మాటతో అరణ్యప్రతినిధి ముఖము కొంత ప్రసన్నమయ్యెను. నా తలపున నదియు న్యాయమే. కలిసి బ్రదుకుట యనగా అందఱును ఒక్క తీరున బ్రదుకుట కాదు గదా.

ఆ దినమున మౌక్తిక ప్రమాణము చేసిన పిమ్మట అందఱికిని పంక్తిభోజనము జరిగెను. పులుసున బెల్లము పడెను. దృఢకేతువు సణుగుకొనుచునే రెండుమాఱులు వడ్డించుకొనెను.

కార్తికమున మౌక్తిక శుక్తిద్వీపమునకు బయలుదేరెను. అంతవఱకు తన దుఃఖము పసిదాని కంటపడరాదని లవంగిని ఇంటనే విడిచిపోవుచుండిన తల్లి ఆ యేడు దాని పట్టుదలకు లొంగి వెంటబెట్టుకొని పోయెను. వాటిక వాకిట కావలియున్న ముసలివాడు మౌక్తికను గుర్తించి పలుకరించి వెనుకనున్న కొత్తముఖమును చూచి నీవే దేశపుదానవని ఆ పిల్లను అడిగెను. మౌక్తిక బదులు చెప్పబోవునంతలో లవంగి ముందుకు వచ్చెను.

“మా అమ్మ ఇక్కడిది. నేను ఫేనపురము దానను. లోపలున్న మా అన్న మా ఇద్దఱివాడు.”

ముసలివాడు తలుపు పూర్తిగా తెఱచెను. ఆ యేడు మట్టిదిబ్బను లవంగియే ఊడ్చెను. దీపము పెట్టి దానిప్రక్కనే చదికిలబడి తమ యింటి సంగతులును రేవు సంగతులును తండ్రి గుఱకల సంగతులును ఒక్కటియు దాచక అన్నకు చెప్పసాగెను. ఏటేట ఆ చోట మౌనముగ కన్నీరు విడిచి లేచిపోవు మౌక్తిక ఆ దినమున నడుమ నడుమ నవ్వుచు పొద్దు వాలువఱకును కూర్చుండి వినుచుండెను.